చాల, శానా, రోంత : మాత్రాబోధక పదముల విచారణ

ఒక గుణము ఎంత గలదో, ఒక పని ఎంత జరిగినదో తెలుపు పదములను ఈ వ్యాసమునందు మాత్రాబోధకములని వ్యవహరింతును. చాల, మిక్కిలి, కడు, బాగా, తెగ, మరీ, ఎక్కువ, కొంచెము మున్నగునవి ఇట్టివి. మన నిఘంటువులు వీనిలో పెక్కింటిని ఒకదానికొకటి పర్యాయములుగా చూపుచున్నవి. పాఠ్యపుస్తకములు ఆ పర్యాయములనే విద్యార్థులచే వల్లె వేయించుచున్నవి. చాల యన్నను, మిక్కిలి యన్నను, కడు యన్నను అర్థ మొక్కటే, భేదమంతయు శైలికి సంబంధించినదే అను అభిప్రాయము ఈ విధముగా స్థిరపడినది. ఇది సరికాదనియు, ఈ పదములకు వేర్వేరు పుట్టుకలు, వేర్వేరు స్థానములు, వేర్వేరు తాత్పర్యములు కలవనియు నిరూపించుట ఈ వ్యాసమున నా ప్రతిజ్ఞ.

ఇందులకు రెండు వైపుల నుండి సాక్ష్యము గ్రహించితిని. ఒకటి, కర్నూలు నుండి నంద్యాలకు పోవు మార్గమున నున్న ఓర్వకల్లు ప్రాంతపు వాడుక. ఇది రాయలసీమ మాండలికమునకు చెందినది. రెండవది స్పానిషు భాష. రెంటికిని నడుమ వేల మైళ్ల దూరమున్నది, బాంధవ్య మేమియు లేదు. అయినను మన భాషలో కనబడక దాగియున్న భేదములను స్పానిషు పైకి రూపభేదముచే చూపును. కాబట్టి అది మనకు అద్దము వంటిది. హైదరాబాదులో 1958లో స్థాపితమై, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమైన ఆంగ్ల, విదేశీ భాషల సంస్థయందు స్పానిషు బోధింపబడుచున్నది. దానిని నేర్చు తెలుగువారు సాధారణముగా ఇంగ్లీషు మూలముననే నేర్చుచున్నారు. మధ్యవర్తి లేకుండ ఈ రెండు భాషలను ఎదురెదురుగా నిలిపి చూచిన పరిశీలనము వారికిని ఉపకరింపవచ్చును.

ముందుగా పూర్వుల కృషిని విచారింతము. చిన్నయసూరి బాలవ్యాకరణము (1858) పది పరిచ్ఛేదములు గలది. వానిలో మాత్రాబోధకములకు ప్రత్యేక ప్రకరణము లేదు. సంస్కృత వ్యాకరణ మర్యాద ననుసరించిన గ్రంథము గనుక రూపసిద్ధి లేని పదములపై దానికి దృష్టి తక్కువ. కడపలో ఉద్యోగము చేసిన సి.పి. బ్రౌను తన వ్యాకరణమును 1840లోను, తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును 1852లోను ప్రకటించెను. ఆర్డెను వ్యాకరణము 1873 నాటిది. ఈ పాశ్చాత్యులు క్రియావిశేషణమను వర్గమును తమ భాషల నుండి తెచ్చిరి. పదములను ఆంగ్లార్థమును బట్టి వరుస పెట్టిరి. ఒకే ఆంగ్లార్థము క్రింద చేరిన తెలుగు పదములు సహజముగా పర్యాయములైనవి. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము (1885) కావ్యభాషకు నిఘంటువు. అందు పర్యాయ కథనమే అర్థ నిరూపణము. ఇట్లు దేశీయ మార్గమున ఈ పదములకు చోటు దొరకలేదు. విదేశీయ మార్గమున చోటు దొరికినది గాని, వానిలో వానికి గల తారతమ్యము దొరకలేదు. 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయ సంపుటము పల్లెల భాషకు శాస్త్రగౌరవము కలిగించినది. కాని అది వృత్తి పదముల కోశము. నాగలిలోని ప్రతి భాగమునకు అందు పేరున్నది. దుక్కి ఎంత లోతైనదో చెప్పు మాట వృత్తిపదము కాదు గనుక దాని పరిధిలోనికి రాదు.

ఇక పదముల పుట్టుకను చూతము. ‘చాల’ అనునది ‘చాలు’ ధాతువునకు అన్నంతమైన తుమర్థక రూపము. చాలునంతగా అని దాని మొదటి అర్థము. ‘మిగుల’ అనునది ‘మిగులు’ ధాతువు నుండి వచ్చినది. ‘మిక్కిలి’ దాని బంధువే. ‘నిండు’ నుండి ‘నిండా’, ‘తెగు’ నుండి ‘తెగ’ ఈ విధముగానే ఏర్పడినవి. ‘ఎక్కువ’ ఎక్కుట నుండియు, ‘తక్కువ’ తగ్గుట నుండియు పుట్టిన నామములు. అనగా తెలుగు తన మాత్రాబోధకములను చాలవరకు క్రియల నుండి, అందును కొలతకు సంబంధించిన క్రియల నుండి నిర్మించుకొన్నది. గింజలు పాత్రలో పోయుచున్నామని అనుకొందము. చాలుట, నిండుట, మిగులుట అను మూడు దశలు క్రమముగా వచ్చును. ఈ మూడు దశలకును భాషలో మూడు మాటలు మిగిలినవి.

స్పానిషులో ఇట్టి క్రమమే కన్పట్టుట విశేషము. ఆ భాషలో ‘బస్తార్’ అనగా చాలుట. దాని నుండి ‘బస్తాంతె’ పుట్టినది. ‘దెమాస్’ అనగా మిగిలినది, తక్కినది. దాని నుండి మితిమీరెనను అర్థముగల ‘దెమసియాదో’ వచ్చినది. ‘ఆర్తో’ అను పదము నింపుట, కూరుట అను అర్థముగల లాటిను ధాతువు యొక్క భూతకృదంతము నుండి వచ్చినది. అనగా మన చాల, మిగుల, నిండా అను మూటికిని అచ్చట మూలార్థమున జోడు పదములు కలవు. అయితే మూలము ఒకటైనను గమ్యము ఒకటి కాలేదు. మన ‘చాల’ తన మూలార్థమును పూర్తిగా విడిచినది. ‘ఎద్దులు కొనడానికి చాలా డబ్బు’ అన్నచో కొనుటకు సరిపడినంత అని అర్థము రాదు. ఆ అర్థమునకు ‘చాలినంత’ అనియో, ‘సరిపడా’ అనియో చెప్పవలెను. స్పానిషు ‘బస్తాంతె’ మాత్రము ఒక వస్తువును కొనుటకు సరిపడినంత డబ్బు అను అర్థమును నేటికిని చెప్పగలదు. ‘మిగుల’ మన భాషలో దోషము లేని ఆధిక్యమును తెలిపినది. దాని జోడైన ‘దెమసియాదో’ మితిమీరిన ఆధిక్యమును, అనగా దోషమును తెలిపినది. మూలము చెప్పినంత మాత్రమున అర్థము చెప్పినట్లు కాదు. అర్థమును ప్రయోగమునందే వెదకవలెను.

ఓర్వకల్లు ప్రాంతపు వాడుక ఇచ్చట మంచి నికషము. మెట్టసేద్యమునకు వానయే ఆధారమైన ఆ సీమలో వానను గూర్చిన వాక్యములే మాత్రాబోధకములకు గట్టి పరీక్షలు. ‘వాన శానా పడింది గానీ చాల్లేదు’ అను వాక్యమును తీసికొందము. ‘శానా’ అనునది ‘చాలా’ యొక్క రూపాంతరమని భావింపవచ్చును. పదాదియందలి చకారము ఊష్మమగుట ‘చేను’ ‘శేను’ అగుటలో కలదు. లకారము నకారమగుట ఇతర మాండలికములలో ‘లేదు’ ‘నేదు’ అగుటలో కలదు. అట్లయినచో పై వాక్యమునందు ఒకే ధాతువు రెండుమార్లు వచ్చినది. మొదట అది సమృద్ధిని చెప్పినది, తరువాత కొరతను చెప్పినది. వినువారికి విరోధ మేమియు తోచదు. ‘చాల’ తన ధాతువు నుండి విడిపోయినదనుటకు ఇంతకు మించిన ఉదాహరణము అవసరము లేదు. వాన ఎంత పడినదను ప్రశ్న ఒకటి, అది దేనికి చాలినదను ప్రశ్న వేరొకటి. రెండవ దానికి రైతు ‘పదును’ అను మాట నుపయోగించును. ‘పదునైంది’ అనగా నేల దున్నుటకో, విత్తుటకో తగినంత తడిసినది. అది మిల్లీమీటర్ల లెక్క కాదు, ప్రయోజనమును బట్టి కొలుచు కొలత.

ఇప్పుడు పదముల స్థానమును విచారింతము. స్పానిషులో ‘చాల’ అను అర్థమునకు రెండు పదములు కలవు. ‘ముయ్’ అనునది విశేషణమునకును, క్రియావిశేషణమునకును ముందు వచ్చును. ‘మూచో’ అనునది క్రియతో వచ్చును. ఆతడు చాల మంచివాడు అన్నచో ‘ముయ్’. ఆతడు చాల పనిచేయును అన్నచో ‘మూచో’. రెండును ఒకే లాటిను పదము నుండి పుట్టినవైనను ఒకదాని చోట వేరొకటి పనికిరాదు. అంత, ఇంత అను అర్థమున ‘తాన్’, ‘తాంతో’ అను జంటయు ఇట్లే పని పంచుకొన్నది. తెలుగున ‘చాల’ గాని ‘అంత’ గాని ఈ విభాగమును పాటింపవు. ‘చాలా మంచివాడు’, ‘చాలా పనిచేస్తాడు’ అను రెండును సాధువులే. కావుననే మన విద్యార్థి స్పానిషున ‘ముయ్’ పదమును క్రియకు తగిలించి తప్పు చేయుటకు అవకాశమున్నది.

ఇంతమాత్రమున తెలుగునకు ఆ విభాగము తెలియదనరాదు. ‘తెగ’ అనునది క్రియతోనే వచ్చును. ‘తెగ తిరిగాడు’, ‘తెగ తిన్నాడు’ అందుము గాని ‘తెగ మంచివాడు’ అనము. ‘బహు’ శబ్దము ఇందుకు విపరీతము. ‘బహు మంచివాడు’, ‘బహు చక్కగా పాడింది’ అందుము గాని ‘బహు తిన్నాడు’ అనము. సీమలో ఈ ‘బహు’ శబ్దమే ‘బో’ అయి ‘బో మంచోడు’ అని వినబడును. అనగా తెలుగున రెండు చోట్లను కలుపు పదమొకటి, వేరు చేయు పదములు కొన్ని ఉన్నవి. స్పానిషు బోధించువారు దీనిని సూత్రముగా వాడుకొనవచ్చును. ‘చాల’ ఉన్నచోట ‘తెగ’ ఇమిడినచో ‘మూచో’ వేయవలెను, ‘బహు’ ఇమిడినచో ‘ముయ్’ వేయవలెను. దీనికి అపవాదము తారతమ్య వాక్యము. ‘దానికంటె ఇది చాలా మేలు’ అనుచోట స్పానిషులో ‘మూచో’ రావలెను. ఈ ఒక్క అపవాదమును వేరుగా చెప్పినచో, ఇంగ్లీషు మధ్యవర్తిత్వము లేకయే తెలుగువాని చెవి తనకు తానే దారి చూపును.

మూడవది తాత్పర్యము. ‘కొంచెం తెలుసు’, ‘కొంచెమే తెలుసు’ అను వాక్యములను పరిశీలింతము. తెలిసిన పరిమాణము రెంటియందును ఒకటే కావచ్చును. మొదటిది ఉన్నదానిని చెప్పుచున్నది, రెండవది లేనిదానిని సూచించుచున్నది. ఓర్వకల్లు ప్రాంతమున ఇదే భేదము ‘రోంత’, ‘రోంతే’ అను రూపములలో కలదు. ‘రవ్వంత’ అనునది ‘రోంత’ అయినది. ‘రోంత వాన పడింది’ అన్న రైతు విత్తనముల మాట తలపెట్టవచ్చును. ‘రోంతే పడింది’ అన్నవాడు ఆకాశము వైపు చూచుచున్నాడు. స్పానిషు ఈ భేదమును ఉపపదముచే సాధించును. ‘ఉన్ పోకో’ అన్నచో కొంచెము గలదని, ఉపపదము లేక ‘పోకో’ అన్నచో కొంచెమే గలదని తాత్పర్యము. మనము ఏకారముచే చేయు పనిని వారు ఉపపద లోపముచే చేయుదురు.

ఈ ఏకారము పరిమాణమును తగ్గించునని కొందరు చెప్పవచ్చును. అది సంపూర్ణ సత్యము కాదు. ‘బాగా చదువుతాడు’ అనుట ప్రశంస. ‘బాగానే చదువుతాడు’ అన్నచో ప్రశంస సన్నగిల్లినది. ఇచ్చట తగ్గినట్లే కన్పట్టును. కాని ‘చాలానే ఉన్నాయి’ అన్నచో అనుకొన్నదానికంటె హెచ్చుగా ఉన్నవని అర్థము. ఏకారము కొలుచునది కాదు. కొలిచిన దానిని వినువాని అంచనాతో పోల్చునది. కొద్దిగా ఉండునని అనుకొన్నవానికి ‘చాలానే’ అని చెప్పుదుము. హెచ్చుగా ఉండునని అనుకొన్నవానికి ‘కొంచెమే’ అని చెప్పుదుము. చెడిపోయినదేమో యని శంకించువానికి ‘బాగానే ఉంది’ అని చెప్పుదుము. మూడు ప్రయోగములకును ఈ ఒక్క సూత్రము చాలును. ‘వర్షము బాగా కురిసినది’, ‘వర్షము బాగానే కురిసినది’ అను వాక్యములు ఒక కరవు నివేదికలో ఒకే ఫలితము నీయవు. రెండవ వాక్యము, కరవున్నదని చెప్పువానికి సమాధానముగా వ్రాసినట్లుండును. ఏకారమును పాదపూరణముగా చూచు వ్యాకరణము ఈ భేదమును పట్టుకొనలేదు.

నాల్గవది ఆధిక్య, అత్యాధిక్యముల వివేకము. స్పానిషులో ‘మాస్’ అనగా మరింత, ‘దెమసియాదో’ అనగా మితిమీరినంత. తెలుగున ‘ఎక్కువ’ అను ఒక్క మాటయే రెంటికిని వచ్చుచున్నది. అట్లయినచో మన భాషలో ఈ వివేకము లేదా? కలదు. అది మాత్రాబోధకమునందు గాక క్రియయందున్నది. ‘కూరలో ఉప్పు ఎక్కువ ఉంది’ అనునది పోలిక కావచ్చును, దోషకథనమును కావచ్చును. ‘ఉప్పు ఎక్కువైంది’ అన్నచో సందేహము లేదు, మితి దాటినది. సీమలో హిందూస్తానీ నుండి వచ్చిన ‘జాస్తి’ పదముతోను ఇదే నియమము. ‘జాస్తి ఉంది’ అనుటకును ‘జాస్తి అయింది’ అనుటకును భేదమున్నది. విశేషణముల విషయమున ఈ పనిని ‘మరీ’ చేయును. ‘చాలా పెద్దది’ అన్నచో మెప్పు కావచ్చును, ‘మరీ పెద్దది’ అన్నచో ఆక్షేపణయే. ఈ వివేకము పండితుల వినోదము కొరకు కాదు. ఎరువుల సంచితోను, పురుగుమందు డబ్బాతోను, ఔషధముతోను వచ్చు తెలుగు కరపత్రములలో ‘ఎక్కువ వాడరాదు’ అని యున్నచో అది దేనికంటె ఎక్కువ? పక్కచేనిలో వేసిన దానికంటెనా, చెప్పిన మోతాదుకంటెనా? ‘చెప్పిన మోతాదు మించరాదు’ అని వ్రాసినచో ఈ ప్రశ్న పుట్టదు. అనువాదకుడు ‘ఎక్కువ’ అను మాటకు రెండు తలలున్నవని ఎరుగకపోవుట వలన నష్టపడువాడు దానిని చదువు రైతు.

ఇక బోధన విషయము. సీమ విద్యార్థి జవాబుపత్రములో ‘శానా’ అని వ్రాసినచో ఎర్రసిరాతో కొట్టివేయుట మన పాఠశాలలలో అలవాటు. విద్యాలయములకు ఒక ప్రమాణ భాష అవసరము గనుక దిద్దుటలో తప్పు లేదని వాదింపవచ్చును. ఆ వాదమును నేనును కాదనను. అయితే దిద్దుబాటు దేనికో గురువునకు తెలియవలెను. ‘శానా’ అనునది ‘చాల’ వచ్చు ప్రతి స్థానమునను వచ్చును, రాని స్థానమున రాదు. ‘శానామంది’, ‘శానాసేపు’, ‘శానా మంచోడు’, ‘శానా తిన్న్యాడు’ అను వానిలో వ్యాకరణదోష మొక్కటియు లేదు. భేదము ఉచ్చారణకు సంబంధించినది. అదే జవాబుపత్రములో ‘అత్యంత ముఖ్యమైన వాటిలో ఒకటి’ అని యున్నచో ఎర్రసిరా కదలదు. అంతమును దాటినది అత్యంతము. దాటినవానిలో ఒకటి యనుట ఇంగ్లీషు వాక్యమునకు నీడయే గాని తెలుగు కాదు. ‘ముఖ్యమైన వాటిలో ఒకటి’ అన్నచో చాలును. నేటి పత్రికలు ఈ ‘అత్యంత’ శబ్దమును విచ్చలవిడిగా వాడుచున్నవి. చెవికి కొత్తగా తోచిన సాధురూపము శిక్ష పొందుటయు, కంటికి అలవాటైన అసాధురూపము మన్నన పొందుటయు న్యాయము కాదు.

ఈ విషయమున స్పానిషు వారి చరిత్ర ఆలోచింపదగినది. నెబ్రీహా 1492లో కాస్తీలు భాషకు తొలి వ్యాకరణము రచించెను. రాజాస్థాన అకాడమీ 1713లో ఏర్పడినది. ప్రమాణమంతయు స్పెయినునందే ఉండినది. 1847లో ఆంద్రేస్ బెల్యో చిలీ దేశమున ఒక వ్యాకరణమును ప్రకటించి, అది అమెరికా ఖండ వాసుల ఉపయోగము కొరకని శీర్షికయందే చెప్పెను. 2009లో స్పెయిను అకాడమీయు, తక్కిన దేశముల అకాడమీలును కలిసి వెలువరించిన వ్యాకరణము అమెరికా దేశముల ప్రయోగములను కూడ లెక్కలోనికి తీసికొన్నది. పైన చెప్పిన ‘ఆర్తో’ పదము ఇందులకు చక్కని నిదర్శనము. చిలీలో అది నిత్యవ్యవహారమున ‘చాల’ అను అర్థము నిచ్చును. స్పెయినులో ఆ అర్థము గ్రంథస్థ ప్రయోగమునకు పరిమితమై, వాడుకలో ఆ పదము విసిగినవాడను అర్థమున వినబడును. ఒక దేశపు వాడుకను బట్టి వేరొక దేశపు వాడుక తప్పని నేటి స్పానిషు వ్యాకర్త వ్రాయడు, ఏది ఎచ్చట చెల్లునో వ్రాయును. మనకును అట్టి వ్యాకరణము కావలెను. చేకూరి రామారావు తెలుగు వాక్యము (1975), భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ గార్ల ఆధునిక వ్యాకరణము (1985) వాక్యనిర్మాణము వైపు మన దృష్టిని మరల్చినవి. ఆ మార్గమున ప్రాంతీయ మాత్రాబోధకములను పరిశీలించు పని మిగిలియున్నది.

ఆ పనికి పద్ధతి కష్టమైనది కాదు. ప్రతి మాత్రాబోధకమును నాలుగు ప్రశ్నలతో పరీక్షింపవలెను. విశేషణముతో వచ్చునా, క్రియతో వచ్చునా, రెంటితోనా? ఏకారము చేరినచో ఏ అంచనాకు ఎదురు నిలుచును? వ్యతిరేక వాక్యమున ఇముడునా? ఆధిక్యమును చెప్పునా, మితి దాటుటను చెప్పునా? ఓర్వకల్లు, ప్రొద్దుటూరు, శ్రీకాకుళము, కరీంనగరము వంటి స్థలములలో ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు సేకరించి పట్టికగా కూర్చినచో, నిఘంటువు పర్యాయములుగా చూపిన పదములు ఎన్నిచోట్ల విడిపోవునో తేలును. పదమునకు అర్థమడుగుట కంటె, ఆ పదమును ఏ చోట వాడరో అడుగుట ఫలవంతము. వాడుకరి అర్థమును చెప్పలేకపోవచ్చును గాని ‘అట్ల అనం’ అని మాత్రము తడుముకొనక చెప్పగలడు.

మాత్రాబోధకములు వాక్యమునందు చిన్న పదములు. అవి లేకున్నను వాక్యము నిలుచును. అందువలననే వ్యాకర్తలు వీనిని ఉపేక్షించిరి. కాని చెప్పువాడు తాను చెప్పు విషయమును ఎంతవరకు నమ్ముచున్నాడో, ఎదుటివాని నుండి ఏమి కోరుచున్నాడో తెలుపునవి ఇవియే. ‘రోంత’ అనుటకును ‘రోంతే’ అనుటకును నడుమ నున్నది ఒక్క అచ్చు. ఆ భేదమును విద్యార్థిచే గుర్తింపజేయుట, వానిచే పర్యాయపదముల పట్టికను అప్పగింపించుకొనుట కంటె మేలైన తెలుగు పాఠము.